గడ్డి పడే పక్కే ముక్క ఎగిరే పక్క: గుంటూరు లేఅవుట్‌లో బ్రష్ కట్టర్ ప్రమాదం, కేస్ స్టడీ

గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డు దాటాక పొలాల్లో వేసిన లేఅవుట్ అది. సెప్టెంబరు వానలకు ఖాళీ ప్లాట్లు నడుం ఎత్తున పెరిగిపోయాయి. వయ్యారిభామ, తుంగ, గరిక, అక్కడక్కడా జిల్లేడు, సర్కారు తుమ్మ మొలకలు. దసరాలోపు ప్లాట్లు కొనేవాళ్లకి చూపించాలని శుభ్రం చేసే పని ఒక గార్డెన్ కాంట్రాక్టరుకు ఇచ్చారు. ప్లాటుకి ఇంత అని గుత్త. వచ్చిన ముఠాలో అయిదుగురు. బ్రష్ కట్టర్లు (పొడవాటి గొట్టం చివర తిరిగే తాడుతోనో బ్లేడుతోనో గడ్డి కోసే మిషన్లు) పట్టే ఇద్దరు మగవాళ్లు, కోసిన గడ్డిని పంజాతో లాగి గంపలకెత్తే ముగ్గురు ఆడవాళ్లు. దెబ్బ తగిలింది మిషన్ పట్టినవాళ్లకి కాదు, గడ్డి ఎత్తుతున్న ఒకామెకి. నలభై దాటిన మనిషి. కుడి కన్ను. మనుషుల పేర్లు, లేఅవుట్ పేరు, గుర్తుపట్టే ఇతర వివరాలు ఇక్కడ రాయడం లేదు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. ల్యాండ్‌స్కేపింగ్ పనిలో జాగ్రత్తలన్నీ మిషన్ చుట్టూ, మిషన్ పట్టినవాడి చుట్టూ అల్లుతున్నాం. అద్దాలు అతనికి, బూట్లు అతనికి, శిక్షణ అతనికి, ఉద్యోగుల బీమా (ఈఎస్ఐ) కార్డు కూడా అతనికే. అతనికి నాలుగు మీటర్ల దూరంలో వంగి పనిచేసే మనిషి ఏ లెక్కలోనూ లేదు.

ఆ రోజు జరిగింది

ఉదయం ఏడింటికి నైలాన్ తాడు హెడ్‌తో మొదలుపెట్టారు. గరిక, తుంగ ఉన్నంతవరకు పని బాగానే సాగింది. తొమ్మిది దాటాక వయ్యారిభామ మొదళ్లు, తుమ్మ మొలకలు ఎదురయ్యాయి. ముదిరిన కాడలకి తాడు నిలవదు. పది నిమిషాలకోసారి తెగుతుంటే రెండో మిషన్ ఆపరేటర్ హెడ్ విప్పి మూడు పళ్ల ఇనుప బ్లేడు బిగించాడు. మిషన్ 52 సీసీ టూ స్ట్రోక్, బ్లేడు 255 మి.మీ. ప్లాస్టిక్ గార్డు రెండు వారాలుగా మిషన్‌కి లేదు. తడిగడ్డి గార్డు కింద ముద్దగా పేరుకుని హెడ్ పట్టేస్తోందని విప్పి షెడ్డులో మేకుకి తగిలించారు. విచారణకు వెళ్లి మేము చూసినప్పుడు అక్కడే ఉంది. లోపలి అంచున ఎండిపోయిన గడ్డి పెళుసుగా అంటుకుని ఉంది. గార్డుకి ఉండే, తాడును సరైన పొడవుకి కోసే చిన్న కత్తి కూడా పగలలేదు. గార్డు పాడైపోలేదు, అడ్డమని తీశారంతే.

పదకొండూ ఇరవై ప్రాంతంలో ఆపరేటర్ ప్లాటు ఎడమ హద్దు వెంబడి కోస్తూ వస్తున్నాడు. హద్దు రాయి మొదట్లో, గడ్డి మాటున, పక్క ప్లాటులో పిల్లర్లు కట్టినప్పటి బైండింగ్ వైరు చుట్ట ఒకటి మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. 18 గేజి, అంటే సుమారు 1.2 మి.మీ. మందం. బ్లేడు దాన్ని తాకింది. టంగుమన్న చప్పుడు రాయికి తగిలిందనుకున్నాడు. అతనికి ఎడమవైపు, కాస్త వెనగ్గా, నాలుగు మీటర్ల దూరంలో ఆమె పంజాతో గడ్డి లాగుతోంది. "కంట్లో ఏదో పడింది తమ్ముడూ" అంది గానీ పెద్దగా అరవలేదు. నొప్పి కూడా ఎక్కువ లేదు. తర్వాత చెడిందంతా ఇక్కడే మొదలైంది.

ఆమె కన్ను నలుపుకుంది. తోటి మనిషి సీసాలో నీళ్లు పోసి కడిగింది. పైట కొంగు చింపి గట్టిగా కట్టు కట్టారు. ఆటోలో దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే చుక్కల మందు ఇచ్చి ఇంటికి పంపారు. ఇంటి దగ్గర చల్లదనానికని నందివర్ధనం పూలు కంటి మీద పెట్టుకుంది. మర్నాడు ఉదయానికి చూపు మసకబారింది, రెప్ప వాచింది. కంటి ఆసుపత్రికి చేరేసరికి దెబ్బ తగిలి 22 గంటలు. నల్లగుడ్డు పక్కన తెల్లగుడ్డు మీద సూది మొనంత ఎర్రటి చుక్క, దానివైపు లాగినట్టు కోలగా మారిన కంటిపాప కనిపించాయి. సీటీ స్కాన్‌లో కంటి వెనక భాగంలో 11 మి.మీ. ఇనుప ముక్క. గాయం కుట్టారు, విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీ లాంటి పదార్థాన్ని తీసే ఆపరేషన్) చేసి ముక్క తీశారు, ఇన్‌ఫెక్షన్‌కి కంట్లోకే మందులు ఎక్కించారు. ఆరు నెలల తర్వాత ఆ కంటికి మిగిలిన చూపు: రెండు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టగలదు.

ఆమె అక్కడే ఎందుకు ఉంది

విచారణలో అందరూ ముందు చెప్పే కారణం "గార్డు తీసేశారు". నిజమే, తప్పే. కానీ ఈ కేసులో గార్డు ఉంటే ఆ ముక్క ఆగేదని మేము చెప్పలేం. బ్లేడు తిరిగే దిశ చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

పైనుంచి చూస్తే బ్రష్ కట్టర్ బ్లేడు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే కోత కుడి నుంచి ఎడమకి. ఎడమకి ఊపినప్పుడు కోయాలి, కుడికి తిరిగి రావడం ఖాళీ ఊపు. బ్లేడును గడియారం ముఖం అనుకుంటే, ఆపరేటర్‌కి నేరుగా ముందున్నది 12, కోసే భాగం 8 నుంచి 12 వరకు. బ్లేడును కొంచెం ఎడమకి వంచి పట్టుకుంటే కోసిన గడ్డి ఎడమపక్క వరసగా పడుతుంది, ఎత్తడం సులువు. మంచి ఆపరేటర్లందరూ అలాగే కోస్తారు. ఇప్పుడు అదే 10, 11 అంకెల దగ్గర బ్లేడుకి తగిలిన ముక్క ఎటు పోతుందో చూడండి. అక్కడ బ్లేడు అంచు ఎడమకి, వెనక్కి కదులుతూ ఉంటుంది. ముక్క కూడా అటే. గడ్డి వరస ఎక్కడ పడుతుందో ముక్క అక్కడికే ఎగురుతుంది, ఎత్తే మనిషి వచ్చి వంగేదీ అక్కడికే. గార్డు హెడ్ వెనక, ఆపరేటర్ కాళ్లకీ బ్లేడుకీ మధ్య ఉంటుంది. అది ప్రధానంగా అతన్ని కాపాడటానికి. ఎడమ పక్కకు పోయే ముక్కను అది అన్నిసార్లూ ఆపదు.

వేగం లెక్క కూడా చేద్దాం. 255 మి.మీ. బ్లేడు నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకి 93 మీటర్లు, గంటకి దాదాపు 335 కిలోమీటర్లు. ఎగిరిన ముక్క అందులో సగం వేగంతో పోయినా నాలుగు మీటర్లు దాటడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. రెప్ప మూసుకునేలోపే పని అయిపోతుంది. "జాగ్రత్తగా చూసుకోమని చెప్పాం" అని సూపర్‌వైజర్ రాసిచ్చాడు. చూసుకోవడానికి అసలు వ్యవధే లేదు.

అందుకే తయారీదారుల మాన్యువళ్లు 15 మీటర్లు, అంటే 50 అడుగుల లోపల ఎవరూ ఉండకూడదని చెబుతాయి. ఈ మాట ఆ కాంట్రాక్టరుకీ తెలుసు. కానీ మన ప్లాట్ల కొలతలతో కలిపి ఎవరూ ఆలోచించలేదు. 200 గజాల ప్లాటు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. మిషన్ ఆ ప్లాటులో మధ్యన ఉంటే 50 అడుగుల వృత్తం ప్లాటంతా మింగి పక్క ప్లాట్లలోకి పోతుంది. కోసే ప్లాటులోనే గడ్డి ఎత్తమనడం అంటే ఎవరో ఒకరిని ఆ వృత్తంలో నిలబెట్టడమే. గుత్త పనిలో కోత, ఎత్తుడు రెండూ ఒకేసారి సాగకపోతే రోజు గిట్టదు. ఆమె అక్కడ ఉండటం అజాగ్రత్త కాదు, పని అలా కూర్చారు.

మిగతా కారణాలు

బ్లేడు మార్చడం దానికదే తప్పు కాదు. ముదురు కాడకి ఇనుప బ్లేడే కావాలి. కానీ బ్లేడు పెట్టగానే రాయి, ఇనుము ఉన్న నేల లెక్క మారిపోతుంది. నైలాన్ తాడు రాయికి తగిలితే తెగి అరుగుతుంది, ఇనుప బ్లేడు రాయిని, తీగను విరిచి విసురుతుంది. 12 నుంచి 2 అంకెల మధ్య గట్టి వస్తువు తగిలితే మిషనే పక్కకి తన్నుతుంది. ఆపరేటర్ కాళ్లు తెగే ప్రమాదం అక్కడ. గుండ్రటి హ్యాండిల్ ఉండి, కాలికి అడ్డంగా బార్ లేని మిషన్లకి ఇనుప బ్లేడు అసలు వాడకూడదు. ఈ మిషన్‌కి సైకిల్ హ్యాండిల్ ఉంది, భుజం బెల్టు ఉంది. ఆ మేరకు సరే.

బ్లేడు నట్టు ఎడమ మర. గడియారం దిశలో తిప్పితే విప్పుకుంటుంది. ఇది తెలియక ఎదురు తిప్పి బలవంతంగా బిగించి మర పాడుచేస్తారు, తర్వాత పనిలో నట్టు ఊడుతుంది. ఈ మిషన్‌లో నట్టుకి పట్టు తగ్గిపోయి ఉంది, లాక్ నట్టు మార్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు బ్లేడే ఊడి ఉంటే కేసు ఇంకోలా ఉండేది.

ఐడిల్‌లో, అంటే రేజ్ (యాక్సిలరేటర్) ఇవ్వకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు, బ్లేడు మెల్లగా తిరుగుతోందని కూడా తేలింది. రేజ్ వదిలేస్తే, ఇంజన్‌ని బ్లేడుతో కలిపే సెంట్రిఫ్యూగల్ క్లచ్ విడిపోయి బ్లేడు ఆగాలి. ఆగలేదంటే ఐడిల్ స్క్రూ ఎక్కువగా తిప్పి ఉండాలి, లేదా క్లచ్ స్ప్రింగు సాగి ఉండాలి. పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు ఆగిపోకుండా ఉండాలని స్క్రూ బిగించి వదిలేయడం అన్ని చోట్లా జరుగుతోంది. అప్పుడు "రేజ్ వదిలేశాడు, దగ్గరికి వెళ్లొచ్చు" అన్న నమ్మకం అబద్ధమవుతుంది.

ఇదే ముఠా దగ్గర ఇంకో వస్తువు దొరికింది. నైలాన్ తాడు హెడ్‌లో తాడు బదులు బిగించిన బైకు క్లచ్ కేబుల్ తీగ. ఆ రోజు వాడలేదు. కానీ తెగిన ప్రతి పోగూ ఒక సూది. ఇనుప ముక్కలను గొలుసులా కలిపిన హెడ్లను యూరోపియన్ యూనియన్ 2012లో అమ్మకాల నుంచే నిషేధించింది. తీగను అక్కడికక్కడే ముక్కలుగా నరికించాం. వద్దని చెప్పి వదిలేస్తే వారంలో మళ్లీ హెడ్‌లోకి వస్తుంది.

అద్దాల సంగతి. ఆపరేటర్లకి ఇచ్చారు, ఆటో సీటు కింద సంచిలో ఉన్నాయి. గీతలు పడి చెమ్మ పట్టి చూపు ఆనక తీసేశామన్నారు. మన ఉక్కలో ఇది నిజమైన ఇబ్బంది, సాకు కాదు. గడ్డి ఎత్తేవాళ్లకి మాత్రం అసలు ఇవ్వలేదు.

కంటికి మొదటి గంట

ఈ భాగం ప్రతి మేస్త్రీకి నోటికి రావాలి. మిషన్ నడుస్తున్నప్పుడు కంట్లో ఏదైనా తగిలినట్టనిపిస్తే, నొప్పి లేకపోయినా, రక్తం లేకపోయినా, ముక్క లోపలికి పోయిందనే అనుకోవాలి. సన్నటి తీగ ముక్క వేగంగా పోతే చిన్న చుక్కంత గాయమే పడుతుంది, కన్ను మామూలుగానే కనిపిస్తుంది. నలపకూడదు, నొక్కకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, నీళ్లతో కడగకూడదు. పైకి ఏదైనా పొడుచుకుని కనిపించినా లాగకూడదు. టీ తాగే కాగితం కప్పు అడుగు భాగం కోసి, అంచులు కనుబొమ్మ ఎముక మీద, బుగ్గ ఎముక మీద ఆనేలా, కంటికి తగలకుండా టేపుతో అంటించాలి. పడుకోబెట్టి కాకుండా తల పైకి ఉండేలా తీసుకెళ్లాలి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి నోటికి ఏమీ ఇవ్వకూడదు, టీ కూడా. చుక్కల మందులు, పసర్లు, తల్లిపాలు, పూలు ఏవీ వద్దు. మట్టిలో పడిన ఇనుము, పచ్చి ఆకు కంట్లోకి మోసుకెళ్లే బాక్టీరియా, బూజు చాలా చెడ్డవి. గాయం 24 గంటల్లోపు కుట్టి మూస్తే లోపల చీము పట్టే ప్రమాదం తగ్గుతుంది. టెటనస్ ఇంజక్షన్ వేయించాలి. ఆసుపత్రిలో "ఇనుప ముక్క అయి ఉండొచ్చు, మిషన్ దగ్గర తగిలింది" అని మొదటి మాటగా చెప్పాలి. ఇనుము అనుమానం ఉన్న కంటికి ఎంఆర్ఐ తీయకూడదు, అయస్కాంతం లోపలి ముక్కను కదుపుతుంది.

వెళ్లాల్సింది దగ్గర్లోని క్లినిక్‌కి కాదు, కంటి ఆపరేషన్ చేయగల చోటికి. గుంటూరు వైపు సైట్లకి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) కంటి విభాగం, పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి ఉన్నాయి. విజయవాడ వైపు తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఫోన్ నంబర్లు సైట్ రిజిస్టరు మొదటి పేజీలో ఉండాలి.

ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి. బ్లేడు జిల్లేడును కోస్తే పాలు చిమ్ముతాయి. ఆ పాలు కంట్లో పడితే నొప్పి పెద్దగా లేకుండానే నల్లగుడ్డు పొర వాచి చూపు మసకబారుతుంది. అప్పుడు వెంటనే శుభ్రమైన నీటితో కనీసం పావుగంట ధారగా కడగాలి, తర్వాత డాక్టరు దగ్గరికి. పాలు పడితే కడగాలి, ముక్క తగిలితే కడగకూడదు. రెండూ అనుమానమైతే ముక్కగానే లెక్కపెట్టి కప్పు పెట్టి పరుగెత్తాలి.

పని ఎలా మార్చాం

అన్నిటికంటే ముందు మార్చింది దూరం. "15 మీటర్లు" అని బోర్డు రాస్తే ఎవరూ కొలవరు. అందుకని "రెండు ప్లాట్లు వదిలి" అన్నాం. 30 అడుగుల ముఖం ఉన్న రెండు ప్లాట్లు మధ్యలో ఉంటే 60 అడుగులు వస్తాయి. మిషన్ మొదటి మూడు ప్లాట్లు పూర్తి చేసి నాలుగో దానికి వెళ్లాకే మొదటి ప్లాటులో గడ్డి ఎత్తాలి. పంజాలు, గంపలు సూపర్‌వైజర్ దగ్గరే ఉంటాయి, అప్పుడే చేతికిస్తాడు. పనిముట్టు చేతిలో ఉంటే కూలి మనిషి ఖాళీగా నిలబడదు, దగ్గరికి వెళ్తుంది. అది ఆమె తప్పు కాదు. అందుకే పనిముట్టునే ఆపాం.

పొద్దున ఆ ఖాళీ సమయంలో చేయడానికి పని ఉంది. మిషన్ తగలకముందు ప్లాటు తొక్కి చూడాలి. ఇద్దరు, సిమెంటు సంచి, పంజా, చేతికి తోలు గ్లౌజులు. అడుగు అడుగుకీ పంజాతో కెలుకుతూ వెళ్లి తీగ, సీసా పెంకు, రాయి, మేకులున్న చెక్క ఏరాలి. 200 గజాలకి ఇద్దరికి 20 నిమిషాలు పడుతోంది. తీయలేని వాటి చుట్టూ, అంటే హద్దు రాయి, మ్యాన్‌హోల్ మూత, నేలలోంచి లేచిన ఇనుప కడ్డీ, అడుగున్నర వెడల్పున సున్నం చల్లాలి. సున్నం లోపలి గడ్డి మిషన్‌తో కాదు, కొడవలితో కోయాలి. మొదటి రోజు ఈ లేఅవుట్‌లో ఆరు ప్లాట్ల నుంచి ఒక సంచి నిండా బైండింగ్ వైరే వచ్చింది. కట్టడం జరుగుతున్న చోట పిల్లర్ల చుట్టూ ఇది తప్పకుండా ఉంటుంది.

అద్దాలు అయిదుగురికీ ఇచ్చాం. కొనేటప్పుడు ఐఎస్ 5983 (భారత ప్రమాణం) లేదా ఈఎన్ 166 (యూరప్ ప్రమాణం) ముద్ర చూడాలి. ఈఎన్ ముద్రలో ఎఫ్ అంటే సెకనుకి 45 మీటర్ల వేగంతో వచ్చే గుండును, బీ అంటే 120 మీటర్ల వేగాన్ని తట్టుకునేవి. ఆపరేటర్లకి బీ గాగుల్స్, పైన జాలీ ముసుగు. జాలీ ముసుగు ఒక్కటే చాలదు, దాని కన్నాల్లోంచి సన్న ముక్క, జిల్లేడు పాలు పోతాయి. ఎత్తేవాళ్లకి పక్కలు మూసిన ఎఫ్ కళ్లజోడు తేలిక, చెమ్మ తక్కువ. దూరం పాటిస్తున్నారు కాబట్టి అది చాలు. మనిషికి రెండు జతలు. ఒకటి సబ్బు నీళ్లలో కడిగి ఆరబెడుతుంటే రెండోది పెట్టుకుంటారు. గంటకోసారి పది నిమిషాల నీడ కూడా దీనికే. చెమట ఆరితే అద్దాలు నిలుస్తాయి.

మిషన్ దగ్గరికి వెనక నుంచి ఎవరూ వెళ్లకూడదు. ఇయర్ ప్లగ్గులు పెట్టుకున్న ఆపరేటర్‌కి కేక వినపడదు, ఉలిక్కిపడి తిరిగితే బ్లేడు కూడా తిరుగుతుంది. ఎదురుగా దూరంగా నిలబడి ఎర్రగుడ్డ ఊపాలి. అతను ఇంజన్ ఆపాలి, బ్లేడు పూర్తిగా నిలవాలి, అప్పుడే దగ్గరికి. పొద్దున బ్లేడు పగుళ్లు చూడటం, నట్టు చూడటం, ఐడిల్‌లో బ్లేడు నిలుస్తుందో లేదో చూడటం, అంతా అయిదు నిమిషాల పని. వంగిన బ్లేడును సుత్తితో చదును చేయకూడదు, వెల్డింగ్ పెట్టకూడదు. పారేయాలి. గార్డు లేని మిషన్ స్టార్ట్ చేయకూడదు. తడిగడ్డి పట్టేస్తే పొద్దున మంచు ఆరేదాకా ఆగడమే దారి.

ఈ మార్పులేవీ ప్లాటుకి ఇంత అనే గుత్తతో నిలవవు. రేటు మార్చనంతకాలం ఎవరో ఒకరు వృత్తంలోకి అడుగుపెడతారు. లేఅవుట్ యజమానితో మాట్లాడి ఏరుడు పనికి వేరే రేటు, కోతకి రోజు కూలి పెట్టించాం. యజమాని మొదట ఒప్పుకోలేదు. ఆమె ఆసుపత్రి ఖర్చు, పరిహారం ఎవరి మీద పడ్డాయో చూశాక ఒప్పుకున్నారు.

పరిహారం దగ్గరా అదే లోపం బయటపడింది. ఈఎస్ఐలో ఇద్దరు ఆపరేటర్ల పేర్లు ఉన్నాయి, ముగ్గురు ఆడవాళ్ల పేర్లు లేవు. వాళ్లని "అప్పుడప్పుడు వచ్చే కూలీలు" అని కాంట్రాక్టరు వదిలేశాడు. గుణదలలోని ఈఎస్ఐ ఆసుపత్రి దారి ఆమెకి ఆ విధంగా మూసుకుపోయింది. 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలు ప్రకారం ఒక కంటి చూపు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, కన్నే పోతే 40 శాతం. కాంట్రాక్టరు చెల్లించకపోతే పని ఇచ్చిన అసలు యజమాని దగ్గర అడిగే హక్కు కూడా ఆ చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ముఠా పనికి వచ్చిన మొదటి రోజే గడ్డి ఎత్తేవాళ్ల పేర్లతో సహా రిజిస్టరు రాయించండి. హాజరు పేజీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోమని ఆ మనుషులకి కూడా చెప్పండి.

మొదటి మూడు వారాల్లో నియమం తప్పింది నాలుగుసార్లు, అన్నీ సాయంత్రం నాలుగున్నర తర్వాత. చీకటి పడేలోపు ట్రాక్టరు నింపాలన్న తొందర. దాంతో కోత మూడున్నరకే ఆపి, మిగిలిన సమయం అంతా ఎత్తుడుకే ఇచ్చాం. ఇంకా కుదరనిది మూల ప్లాట్ల సంగతి. రెండు వైపులా రోడ్డు, బైకులు, బడి నుంచి వచ్చే పిల్లలు. అక్కడ ఎర్రగుడ్డతో రోడ్డుకి ఒకరు చొప్పున ఇద్దరు కావాలి, ముఠాలో అంత మంది లేరు. ప్రస్తుతానికి మూల ప్లాట్లని నైలాన్ తాడుతో ఆదివారం పొద్దున ఆరింటికి కోయిస్తున్నాం.